కల్వంలో నలగని గింజలు

నాకు ఇరవై రెండేళ్లు వచ్చేదాకా బిళ్ళ మింగడం రాలేదు. ఇప్పుడు ఇంత తేలిగ్గా రాస్తున్నాను గానీ, ఆ రోజుల్లో ఈ సంగతి నా డైరీలో కూడా రాసుకోలేదు. మిగతావన్నీ రాసేదాన్ని. బస్సులో ఎవరు ఎవరితో పోట్లాడారు, లైబ్రరీలో ఏ పుస్తకం తప్పు బీరువాలో ఉంది, ఆ రోజు బయటివాళ్ళతో నేను నాలుగు మాటలైనా మాట్లాడానా లేదా, అన్నీ. ఇదొక్కటే రాయలేదు.

తొంభైలు ముగియవస్తున్న రోజులవి. క్యాంపస్‌లో ఎం.ఏ. తెలుగు రెండో సంవత్సరం చదువుతూ, తార్నాకలో మా మేనత్త ఇంట్లో ఉండేదాన్ని. మామయ్య రైల్వేలో గార్డు. వారంలో సగం రోజులు బండి మీదే. ఉన్నవి రెండు గదులు. ముందు గదిలో అత్త కుట్టుమిషను, దాని చుట్టూ జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చే ఆడవాళ్ళు. నేను వెనక గది గడప మీద పుస్తకం తెరిచి కూర్చునేదాన్ని. చదువుతున్నాననుకుని ఎవరూ నన్ను పలకరించేవారు కాదు. నాకు కావలసిందీ అదే. పుస్తకం ఒళ్ళో ఉండేది, చెవులు ముందు గదిలో ఉండేవి.

విన్నవన్నీ డైరీలోకి ఎక్కేవి. అది ఎరువుల దుకాణం వాళ్ళు నాన్నకు ఇచ్చిన డైరీ. ప్రతి పేజీ అడుగున ఒక వరి కంకి బొమ్మ ఉండేది. దాంట్లో నేను అన్నిటికన్నా ఇష్టంగా రాసుకున్నవి తిట్లు.

అవును, తిట్లే. పక్క పోర్షన్‌లో ఒక పెద్దమ్మ ఉండేది. చౌరస్తాలో పూలమ్మేది, అంతకుముందు వారాసిగూడలో చాలా ఏళ్ళు ఉండి వచ్చింది. ఆమె మనవళ్ళను తిడుతుంటే మిషను తొక్కుతున్న అత్త కూడా కాలు ఆపి వినేది. "నీకు గత్తర రాను, చెప్పులేసుకోని ఇంట్లకొస్తవారా?" "నీ నోట్ల మన్నువడ, అన్నం తినకుంట యాడికి?" గత్తరంటే కలరా. ఆ వాడలో కలరా చూసినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. రోగం పోయింది, మాట మాత్రం నోట్లో మిగిలింది. ఇంకో సంగతి కూడా గమనించాను. పెద్దమ్మ నిజంగా కోపం వచ్చినవాళ్ళను ఎప్పుడూ తిట్టదు. ఒకసారి ఎదురింటామెతో నీళ్ళ దగ్గర పెద్ద గొడవైంది. అప్పుడు పెద్దమ్మ ఏమందో తెలుసా? "మంచిదమ్మా, మీరు పెద్దోళ్ళు, మీరే పట్టుకోండ్రి" అని బిందె తీసుకుని వచ్చేసింది. అంతే, ఆరు నెలలు మాటల్లేవు. అంటే తిట్టు తనవాళ్ళకే. పరాయివాళ్ళకు 'మీరు'.

ఆ రోజు ఇది రాసుకుంటుంటే పట్టలేనంత సంతోషం. మా డిపార్ట్‌మెంట్‌లో ఆ టర్ములో ప్రతి ఒక్కరూ ఒక సెమినార్ పేపర్ చదవాలి. నేను దీని మీదే రాస్తానని మా మేడంకు చెప్పాలనుకున్నాను. నోరు రాక చీటీ మీద రాసి ఇచ్చాను. ఆమె చదివి, కళ్ళద్దాల పైనుంచి నన్ను చూసి, "నువ్వా? తిట్ల మీదా?" అని గట్టిగా నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "రాయి. బాగా రాయి. కానీ నువ్వే నిలబడి చదవాలి" అంది.

అక్కడే వచ్చింది చిక్కు.

అప్పటికి రెండు నెలలుగా నాకు గుండె దడ. ఉత్త భయంతో వచ్చేది కాదు. ఊరికే కూర్చుని ఉన్నప్పుడు, చదువుకుంటున్నప్పుడు, ఉన్నట్టుండి గుండె పరుగందుకునేది. ముషీరాబాద్‌లో మామయ్యకు తెలిసిన ఒక డాక్టరు పరీక్షలన్నీ చేయించి, గుండె బాగానే ఉంది, కొట్టుకునే వేగంలోనే తేడా ఉంది, దాన్ని అదుపులో పెట్టడానికి బీటా బ్లాకర్ అనే మందు వాడాలన్నాడు. పొద్దున ఎనిమిదికి ఒక బిళ్ళ, రాత్రి ఎనిమిదికి ఒకటి.

ఆ బిళ్ళలు నేను మింగలేదు. అత్త నూరి ఇచ్చింది.

దీని వెనక ఒక కథ ఉంది. నాకు నాలుగేళ్ళప్పుడు జ్వరమొస్తే ఊళ్ళో అత్తే నా నోట్లో బిళ్ళ వేసి నీళ్ళు పట్టించిందట. అది గొంతుకు అడ్డం పడి నా ముఖం నీలమైపోతే, అత్త నన్ను కాళ్ళు పట్టి తలకిందులుగా ఎత్తి వీపు మీద చరిచిందట. బిళ్ళ బయటపడింది గానీ అత్త ఆ భయంలోంచి బయటపడలేదు. ఆ రోజునుంచి మా ఇంట్లో నాకు ఏ బిళ్ళయినా నూరి తేనెలో రంగరించి నాకించడమే. దానికోసం ఒక చిన్న రాతి కల్వం ఉండేది. నా చిన్నప్పుడు వస, శొంఠి నూరిందీ దాంట్లోనే. నేను పట్నం వచ్చేటప్పుడు బట్టల పెట్టెలో ఆ కల్వం కూడా వచ్చింది. ఇరవై రెండేళ్ళ పిల్ల వేలితో తేనె నాకుతుందని ఎవరికైనా తెలిస్తే ఇంకేమన్నా ఉందా? అందుకే ఎవరికీ చెప్పలేదు. నాకు బిళ్ళ నోట్లో పెట్టుకుంటేనే గొంతు బిగుసుకుపోయేది.

రెండుపూటల బిళ్ళతో దడ తగ్గింది గానీ, సాయంత్రం నాలుగు దాటాక మళ్ళీ మొదలయ్యేది. పైగా నేను రీడింగ్ రూములో ఎనిమిదిదాకా ఉండి ఇల్లు చేరేసరికి తొమ్మిదయ్యేది. రెండో బిళ్ళ సంచిలోనే ఉండేది. కల్వం ఇంట్లో ఉండేది. సెమినార్‌కు పది రోజుల ముందు మామయ్య నన్ను మళ్ళీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు.

డాక్టరు విని, "రాత్రి బిళ్ళ ఆలస్యమవుతుందా? అయితే మార్చేద్దాం. ఇదే మందు, కొత్తరకం బిళ్ళ వచ్చింది. రోజంతా కొంచెం కొంచెంగా పనిచేస్తుంది. పొద్దున ఒక్కటి మింగు, చాలు" అని రాసిచ్చాడు. "ఏమైనా డౌటుందా అమ్మా?"

నేను లేదని తల ఊపాను. ఆయన 'మింగు' అన్న మాట నా చెవిలో పడింది. మా ఇంట్లో మింగడమంటే ఏంటో ఆయనకు తెలియదు గదా. మందుల దుకాణంలో పది బిళ్ళలు కత్తిరించి ఇచ్చారు, కాగితం ఏమీ ఇవ్వలేదు.

మర్నాడు పొద్దున అత్త కొత్త బిళ్ళ కల్వంలో వేసింది.

"ఈ బిళ్ళ పాడుగాను, ఎంత నూరినా మెత్తగైతలేదు" అంది. "రవ్వ రవ్వ ఉంటున్నది."

"వద్దులే అత్తా, అట్లనే తింటా."

"గొంతుల పడితే? ఉండు బిడ్డా, ఇంకింత నూరుతా." చీర కొంగు నడుముకు దోపి, కల్వం బండను రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

అత్త ఎప్పుడూ నన్ను 'బిడ్డా' అనే పిలిచేది. ఆ వాడలో పిల్లలందరినీ ఆమె కూడా తిట్టేది, చివరికి మామయ్యను కూడా. నన్ను మాత్రం ఎన్నడూ ఒక్క మాట అనలేదు. గాజు సామానును పట్టుకున్నట్టు పట్టుకునేది.

ఆ రోజునుంచి నా ఒళ్ళు నా మాట వినడం మానేసింది. పది దాటేసరికి చేతులు చల్లబడేవి, కళ్ళముందు మసకలు. క్లాసులో బల్ల మీద తల పెట్టేసేదాన్ని. సాయంత్రమయ్యేసరికి దానికి పూర్తిగా ఎదురు. గుండె దడదడలాడుతూ ఉండేది. డాక్టరు నాడి లెక్కపెట్టుకోమన్నాడు కాబట్టి మూడుపూటలా లెక్కపెట్టి డైరీలో రాసేదాన్ని. ఎందుకో నాకు తెలియదు, అంకెలు రాసుకుంటే కొంచెం ధైర్యంగా ఉండేది.

సెమినార్ శుక్రవారం పదకొండు గంటలకు. మంగళవారం అదే వేళకు మేడం గదిలో ఒకసారి చదివి చూడమన్నారు. నేను, మేడం, నా క్లాసుమేటు ఒకమ్మాయి, ముగ్గురమే ఉన్నాం. ఆ అమ్మాయి మల్కాజ్‌గిరి నుంచి వచ్చేది. ఎక్కడికి పోయినా నవ్వించేది, నాటకాలు వేసేది, నాకున్న ఒకే ఒక్క స్నేహితురాలు. నేను నిలబడి మొదటి పేజీ చదివాను. రెండో పేజీలో అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. గోడ పట్టుకున్నాను. తర్వాత చూస్తే కుర్చీలో ఉన్నాను, ఆ అమ్మాయి నా మొహం మీద నీళ్ళు చల్లుతోంది.

"ఏందే, ముగ్గురి ముందే గిట్లైతే, శుక్రవారం అరవైమంది ముందు ఏం జేస్తవే?"

మేడం మెల్లగా అంది. "భయం వేస్తే తప్పేం లేదమ్మాయ్. పేపరు నీదే. ఆమె చదువుతుంది. పేరు నీదే చెబుదాం."

"నువ్వు ఫికర్ చెయ్యకు" అని నా స్నేహితురాలు కాగితాలు తీసుకుంది. అక్కడే ఒక తిట్టు చదివి చూపించింది. నడుం మీద చెయ్యి పెట్టి, మెడ తిప్పి, గొంతు సాగదీసి. మేడం కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. అట్లా కాదు. పెద్దమ్మ అట్లా అనదు. ఆమె పూలు కడుతూ, తలెత్తకుండా, మామూలుగా అంటుంది. అట్లా అంటేనే అందులో ప్రేమ తెలుస్తుంది. ఆ అమ్మాయి చదివితే అరవైమంది నవ్వుతారు, అంతే. మా వాడ ఆడవాళ్ళు ఉత్త నవ్వులాటైపోతారు. కానీ ఈ మాట పైకి అనలేకపోయాను. "సరే" అని వచ్చేశాను.

ఇంటికొచ్చి గడప మీద కూర్చుని డైరీ తెరిచాను. ఆ పేజీలో ఒక్క మాట రాద్దామనుకున్నాను, 'పిరికిది' అని. రాసేముందు ఎందుకో వెనక పేజీలు తిప్పాను.

ఆదివారం: పదిన్నరకు తల తిరిగింది, నాడి యాభై. ఆదివారం నేనెక్కడున్నాను? ఇంట్లో, అత్తకు గుండీలు కుడుతూ. అరవైమంది లేరు, మేడం లేదు, ఎవరూ లేరు. మరి భయం ఎందుకు?

శనివారం: అత్త ఏదో పేరంటానికి పొద్దున్నే మల్కాజ్‌గిరి పోయింది. ఆమె వచ్చి మందు ఇచ్చేసరికి పదకొండు. ఆ రోజు తల తిరిగింది ఒంటిగంటన్నరకు. మిగతా రోజులన్నీ పది, పదిన్నర. అన్ని రోజులూ సాయంత్రం నాడి నూటపది.

పెన్ను కింద పెట్టి మళ్ళీ చూశాను. బిళ్ళ ఎనిమిదికి అయితే పదిన్నరకు. బిళ్ళ పదకొండుకైతే ఒంటిగంటన్నరకు. భయం గడియారం చూసుకుని రాదు గదా! బిళ్ళ వెనకాలే వస్తున్నది. ఇది నేను కాదు. ఇది బిళ్ళ!

ఆ క్షణాన కలిగిన సంతోషం ఇప్పటికీ ఒంట్లో తెలుస్తుంది. లేచి గదిలో అటూ ఇటూ తిరిగాను. నేను పిరికిదాన్నని చెప్పినవాళ్ళందరికీ, అందరికన్నా ముందు నాకు, జవాబు దొరికింది. అత్త మిషను ఆపి, "ఏందే గట్ల నవ్వుతున్నవ్ ఒక్కదానివే?" అంది.

బుధవారం పొద్దున అత్త బిళ్ళ నూరి నాకించాక కల్వం నేను తీసుకున్నాను. వెలుగులోకి పట్టి చూశాను. పాత బిళ్ళ సున్నంలా పొడయ్యేది. ఇది అట్లా కాదు. నూరగా మిగిలినవి గసగసాల్లాంటి గుండ్రటి చిన్నచిన్న గింజలు. కొన్ని పగిలాయి, కొన్ని పగల్లేదు. బిళ్ళలో గింజలెందుకుంటాయి? ఎవరో కావాలని పెట్టి ఉండాలి. కావాలని పెట్టినదాన్ని మేం ఎనిమిది రోజులుగా పగలగొడుతున్నాం.

అప్పటికే ఆ రోజు మందు కడుపులోకి పోయింది. మసకలు తగ్గేదాకా క్యాంపస్‌లో చెట్టుకింద కూర్చుని, పన్నెండింటికి లైబ్రరీకి పోయాను. మందుల పుస్తకాలుండే అరల దగ్గరికి నేను ఎప్పుడూ పోలేదు. అక్కడ కూర్చునే ఆయన అడిగాడు. "నువ్వు తెలుగు పిల్లవు గదమ్మా, గీడ ఏం పని?"

మామూలుగా అయితే తిరిగి వెళ్ళిపోయేదాన్ని. ఆ రోజు నా నోటినుంచి మాట వచ్చింది. "ఒక బిళ్ళ గురించి చదవాలి సార్. అర్జంటు."

ఆయన ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం చూపించాడు. అందులో మా మందు రెండు రకాలుగా ఉంది. వెంటనే కరిగేది ఒకటి, రోజంతా మెల్లగా వదిలేది ఒకటి. రెండోరకాన్ని నూరకూడదు, నమలకూడదు అని చాలా చిన్న అక్షరాల్లో ఉంది. ఆ చిన్న అక్షరాల మీద వేలు పెట్టి మళ్ళీ చదివాను. తర్వాత డైరీలో మొత్తం ఎక్కించుకుని, నేరుగా ముషీరాబాద్ బస్సెక్కాను. ఒక్కదాన్నే.

దారి పొడుగునా ఒకే మాట వల్లె వేసుకున్నాను. 'సార్, నాకు బిళ్ళ మింగరాదు.' క్లినిక్‌లో నా వంతు వచ్చేసరికి అదీ మరిచిపోయి, డైరీ తెరిచి ఆయన ముందు పెట్టేశాను. ఆయన నాడి అంకెలు చూశాడు. కనుబొమలు ముడిపడ్డాయి.

"యాభై? పొద్దున యాభై, సాయంత్రం నూటపదా? ఈ మందుకు ఇట్లా రాకూడదే. ఎట్లా వేసుకుంటున్నావు?"

"నూరి సార్."

"ఏంటి?"

"మా అత్త కల్వంలో నూరి తేనెలో ఇస్తది సార్. నాకు మింగరాదు."

ఆయన డైరీ మూసి కుర్చీలో వెనక్కి వాలాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "తప్పు నాది కూడా" అన్నాడు. "పాతది నూరుతున్నారని నాకు తెలియదు, అడగలేదు. చూడమ్మా, ఆ గింజల మీద పూత ఉంటుంది. రోజంతా కొంచెం కొంచెంగా వదలడానికి. మీ అత్త ఆ పూతను నూరేసింది. రెండుపూటల మందు ఒకేసారి ఒంట్లోకి పోయింది. అందుకే పొద్దున పడిపోయావు. సాయంత్రానికి ఏమీ మిగల్లేదు, అందుకే దడ."

"అయితే శుక్రవారం ఒక్కరోజు మానేయనా సార్? ఆ రోజు నేను పేపరు చదవాలి."

"అస్సలు వద్దు." ఆయన గొంతు పెరిగింది. "ఈ మందు ఉన్నట్టుండి ఆపితే గుండె ఇంకా ఎగురుతుంది. నీ ముందు రెండు దారులున్నాయి. పాత బిళ్ళకు తిరిగి పోదాం, అది నూరుకోవచ్చు, కానీ రెండుపూటలా టైముకు వేసుకోవాలి. లేదంటే ఇది నూరకుండా మింగు. లావనిపిస్తే నడుమ గీత ఉంది చూడు, అక్కడ రెండు ముక్కలు చేసి మింగవచ్చు, ఈ రకంలో పరవాలేదు. నూరొద్దు, నమలొద్దు. ఏది కావాలి?"

పాతదంటే మళ్ళీ సాయంత్రాల దడ, సంచిలో బిళ్ళ, ఇంట్లో కల్వం. "మింగుతా సార్" అన్నాను. అన్నాక నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఇంటికొచ్చి అత్తకు చెప్పాను. అత్త మిషను తొక్కడం ఆపింది. "నేనేనా నీకు తల తిరిగేటట్టు జేసింది?" అని కల్వాన్ని చూసింది. ఆమె కళ్ళు నిండాయి. "మెత్తగైతలేదని ఇంకింత నూరితి గదనే, బిడ్డా!"

"నీకేం తెలుసత్తా, నాకే తెల్వదు."

ఆ సాయంత్రం వంటింట్లో మింగడం నేర్చుకున్నాను. ముందు ఒక ఉడికిన సగ్గుబియ్యం గింజ, నీళ్ళతో. పోయింది. రెండు గింజలు. పోయాయి. పది గింజలు ఒకేసారి. అవీ పోయాయి. ప్రతిసారీ అత్త నా వీపు వెనక చెయ్యి ఎత్తి పట్టుకుని, చరచడానికి సిద్ధంగా నిలబడింది.

గురువారం పొద్దున ఎనిమిదింటికి అసలు బిళ్ళ. గీత దగ్గర రెండు ముక్కలు చేశాం. జాకెట్టు కోసం వచ్చిన పెద్దమ్మ కూడా గుమ్మంలో పూలబుట్ట దించి నిలబడింది. ఒక ముక్క నాలుక మీద పెట్టుకున్నాను. గొంతు బిగిసింది. తలుపు వేసుకున్నట్టు. నీళ్ళు పోశాను, నీళ్ళు మాత్రం పోయాయి, ముక్క నాలుక మీదే ఉంది.

"మింగు బిడ్డా" అంది అత్త.

తల ఊపాను. పోలేదు.

"మింగు బిడ్డా, ఏం గాదు."

ముక్క చేదు దిగడం మొదలైంది. కళ్ళ నీళ్ళొచ్చాయి. ఉమ్మేద్దామని మోరీ వైపు వంగాను. అప్పుడు అత్త నా భుజం పట్టి ఒక్క గుంజు గుంజింది.

"నీకు గత్తర రాను, మింగవే!"

నేను నివ్వెరపోయాను. ఆ ఆశ్చర్యంలో గొంతు తెరుచుకుంది, ముక్క ఎక్కడికి పోయిందో పోయింది. నోరు తెరిచి చూపించాను. ఖాళీ. రెండో ముక్క అడగకుండానే వేసుకున్నాను. అదీ పోయింది.

పెద్దమ్మ గుమ్మంలోనుంచి, "గట్ల చెప్పాలె! పదేండ్లకోసారన్న నోరు జెయ్యకుంటే పిల్లలకు బిళ్ళలెట్ల దిగుతయి?" అని బుట్ట ఎత్తుకుంది. అత్త మాత్రం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది, తను అన్నది తనకే నమ్మకం లేనట్టు. నేను ఆమెను గట్టిగా పట్టుకున్నాను. నాలుగేళ్ళ పిల్లగా తలకిందులుగా వేలాడిన తర్వాత, అత్త నన్ను తిట్టడం అదే మొదలు.

ఆ రోజు పదిన్నరకు గడియారం ముందు కూర్చుని మణికట్టు పట్టుకున్నాను. అరవై ఆరు. పదకొండుకు అరవై ఎనిమిది. మసకల్లేవు. సాయంత్రం ఆరుకు డెబ్బై నాలుగు. గదిలో ఎవరూ లేకపోయినా పైకి చదివాను. "డెబ్బై నాలుగు!"

అంతకుముందే, మధ్యాహ్నం డిపార్ట్‌మెంట్‌కు పోయి నా స్నేహితురాలి దగ్గర కాగితాలు అడిగాను.

"నువ్వే చదువుతవా? నిజంగ?" అంది. "నేను ఇంట్ల అద్దం ముందు గంటసేపు ప్రాక్టీస్ జేసిన తెలుసా?"

"నువ్వు బాగ చదువుతవ్. కానీ గవి నవ్వులాట తిట్లు గావు."

ఆమె కాగితాలు ఇచ్చేసింది. "పడిపోతే మాత్రం మళ్ళ నీళ్ళు నేనే చల్లాలె, గుర్తుంచుకో."

శుక్రవారం పొద్దున ఎనిమిదికి రెండు ముక్కలూ మింగి, పదకొండుకు నిలబడ్డాను. హాలు నిండా జనం, వెనక గోడకానుకుని కొందరు. గుండె గట్టిగానే కొట్టుకుంది. కానీ అది నాకు తెలిసిన భయం, మనిషి భయం, బిళ్ళది కాదు. దానితో కలిసి నిలబడవచ్చు. మొదటి తిట్టు చదవగానే వెనకనుంచి నవ్వు లేచింది. నేను ఆగలేదు, గొంతు పెంచలేదు. పెద్దమ్మ పూలు కడుతూ అన్నట్టు, మామూలుగా చదువుకుంటూ పోయాను. నీళ్ళ దగ్గర గొడవలో 'మీరు' అన్న సంగతి వచ్చేసరికి నవ్వు పోయింది. హాలంతా వింటున్నది. ఒక పెద్దాయన నోట్‌బుక్ తీయడం కనిపించింది.

చివరి పేజీ అయిపోయాక, కాగితంలో లేని ఒక వాక్యం చెప్పాను. "ఈ నమూనాల్లో చివరిది నిన్న పొద్దున సేకరించాను. చెప్పినామె నా మేనత్త. తిట్టించుకున్నది నేనే." తర్వాత తిట్టు చెప్పాను. ఎందుకు తిట్టిందో కూడా చెప్పాను, బిళ్ళ సంగతంతా, కల్వం, తేనె, అన్నీ. ఎవరికీ చెప్పలేదనుకున్న సంగతి అరవైమందికి చెప్పాను. చప్పట్లలో మల్కాజ్‌గిరి పిల్ల ఈల స్పష్టంగా వినిపించింది.

ఇంటికి పరుగులాంటి నడకతో వచ్చాను. అత్త మిషను ఆపింది.

"చదివినవా? పడ్డవా?"

"పడలే. చదివిన. నువ్వు నన్ను తిట్టింది గూడ చదివిన."

"నీ బొంద! గంతమంది ముందు చెప్పినవా?"

అది రెండోది. నేను చెప్పులు విడవకుండానే లోపలికి పోయి డైరీ తెరిచాను.